ఒకే ముంతను ఏడుసార్లు: బొమ్మలోని మూలకాలను చేత్తో నేర్చుకునే పద్ధతి

రేఖ, ఆకారం, ఘనరూపం, వెలుగునీడ, రంగు, స్పర్శ, స్థలం. డ్రాయింగ్ పరీక్షలకు చదివినవాళ్ళకు ఈ జాబితా కొత్త కాదు. కొందరు బిందువును కూడా కలిపి ఎనిమిది అంటారు, దాని మీద తగాదా అక్కర్లేదు. పేర్లు అప్పజెప్పడం తేలికే కానీ, బొమ్మకు కూర్చున్నప్పుడు ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆకారం వంకరపోయిందని చెరిపితే నీడ పాడవుతుంది, నీడ సరిచేస్తుంటే రంగు మురికవుతుంది. చివరికి బొమ్మ బాగోలేదని తెలుస్తుంది గానీ, ఎక్కడ చెడిందో తెలియదు.

ఇక్కడి పద్ధతి సులువు. ఒకే అమరిక పెట్టుకుని దాన్నే మళ్ళీ మళ్ళీ వేయండి. ప్రతిసారీ ఒక్క మూలకానికే అనుమతి, మిగతావాటికి నిషేధం. గీతల బొమ్మలో నీడ ఉండకూడదు, నీడల బొమ్మలో గీత ఉండకూడదు. అప్పుడు ఏ మూలకం దగ్గర మీ చెయ్యి తడబడుతోందో కాగితమే చెబుతుంది.

ముందు అమరిక

మూడు వస్తువులు కావాలి: అడుగు చదునుగా ఉన్న చిన్న మట్టి ముంత, నల్లటి గుండ్రటి వంకాయ, తెల్ల తుండుగుడ్డ. ఇత్తడి చెంబు, స్టీలు గ్లాసు ఇప్పుడే వద్దు. అవి గదిలో ఉన్నవన్నీ తమలో చూపిస్తాయి, వెలుగెక్కడ ఆగి నీడెక్కడ మొదలైందో తెలియనివ్వవు. మట్టి ముంత మెరవదు కాబట్టి నీడ మెల్లగా తిరగడం స్పష్టంగా కనిపిస్తుంది. వంకాయ మెరుస్తుంది, గుడ్డ మడతపడుతుంది. మూడింటిదీ మూడు రకాల స్వభావం, అందుకే ఈ మూడూ.

బల్లను గోడకు చేర్చి వెనక బూడిదరంగు చార్టు అతికించండి. గుడ్డను రెండు మూడు మడతలు వచ్చేలా పరిచి, దాని మీద ముంత, ముందు కొంచెం కుడిపక్కగా వంకాయ పెట్టండి. ట్యూబ్‌లైటు ఆర్పేయండి, కిటికీ తెర వేయండి. ఒక్క టేబుల్ ల్యాంపు చాలు, 9 వాట్ల ఎల్ఈడీ బల్బు సరిపోతుంది. కుడిచేతివాటం వాళ్ళు దీపాన్ని ఎడమవైపు పెట్టుకుంటే సొంత చేతి నీడ కాగితం మీద పడదు. దీపం ఎత్తు సరిపోయిందా అని చూడటానికి బల్ల మీద పెన్సిలు నిలబెట్టండి. నీడ పొడవు పెన్సిలు పొడవుకు దాదాపు సమానంగా ఉంటే వెలుగు 45 డిగ్రీల కోణంలో పడుతున్నట్టు. పడిన నీడ రెండుగా కనిపిస్తే ఇంకో దీపం ఎక్కడో వెలుగుతోందన్నమాట, వెతికి ఆర్పండి. ఫ్యాను కూడా కట్టేయండి, గుడ్డ మడత కదిలితే మొదటికొస్తుంది.

కుర్చీ అమరికకు నాలుగైదు అడుగుల దూరంలో ఉండాలి. మరీ దగ్గరైతే తల కొంచెం కదిలినా ముంత మూతి ఆకారం మారిపోతుంది. కుర్చీ కాళ్ళ చోట నేల మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటే రేపు కూడా అక్కడే కూర్చోవచ్చు.

సామాను

150 జిఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కార్ట్రిడ్జ్ కాగితాలు, అంటే మందపాటి డ్రాయింగు కాగితాలు, ఎ4 సైజువి పదిహేను తీసుకోండి. జిరాక్సు కాగితం 70, 80 జిఎస్ఎం ఉంటుంది. దాని మీద 4బి పెన్సిలు రెండు పూతలు వేసి ఒకసారి రబ్బరు పెడితే నూగు లేస్తుంది, ఆ మీదట ఏ నీడా సమంగా నిలవదు. పెన్సిళ్ళు హెచ్‌బి, 2బి, 4బి; బి ముందు అంకె పెరిగినకొద్దీ లెడ్డు మెత్తగా, నల్లగా ఉంటుంది. షార్పనరుతో కాకుండా కట్టర్ బ్లేడుతో చెక్కి, లెడ్డు ఒక సెంటీమీటరు బయటికి ఉండేలా చూసుకోండి. నీడలకు మొనతో కాదు, లెడ్డు పక్కతో పనుంటుంది. మామూలు రబ్బరుతో పాటు మెత్తగా పిసికే పుట్టీ రబ్బరు ఒకటి.

రంగులకు పోస్టర్ కలర్సు మంచివి. వాటర్ కలర్లో తప్పు దిద్దడం కష్టం, పోస్టర్ కలర్ ఆరాక దాని మీద ఇంకో పూత నిలుస్తుంది. ఇరవై నాలుగు సీసాల పెట్టె కొనకండి, విడి సీసాలు ఎనిమిది చాలు: పసుపుల్లో లెమన్ యెల్లో, క్రోమ్ యెల్లో డీప్; ఎరుపుల్లో వెర్మిలియన్, క్రిమ్సన్; నీలాల్లో అల్ట్రామెరైన్, ప్రష్యన్ బ్లూ; ఎర్రటి గోధుమరంగు బర్న్ట్ సియెన్నా, తెలుపు. నలుపు కావాలనే కొనడం లేదు, కారణం రంగుల దగ్గర వస్తుంది. గుండ్రటి కుంచెలు 4, 8 నంబర్లవి, అరంగుళం చదును కుంచె ఒకటి, రెండు గ్లాసుల నీళ్ళు. ఒక గ్లాసు కుంచె కడగడానికి, రెండోది రంగులో కలపడానికి.

మొదటి కాగితం: గీత మాత్రమే

ముందు చెయ్యి తిప్పాలి. కాగితం మీద పది సెంటీమీటర్ల ఎడంలో రెండు చుక్కలు పెట్టి, ఒకే ఊపులో కలపండి. చూపు పెన్సిలు మొన మీద కాదు, చేరాల్సిన చుక్క మీద ఉండాలి. మణికట్టు కదపకుండా మోచేయి నుంచి లాగండి. గీయబోయే ముందు కాగితానికి తగలకుండా రెండుసార్లు గాల్లో అదే దారిన తిప్పి, మూడోసారి దించండి. ఇలాంటివి ఇరవై నిటారువి, ఇరవై వంపువి. రోజూ వాకిట్లో ముగ్గు వేసే చేతికి ఈ అభ్యాసం సగం అయిపోయినట్టే. మెలికల ముగ్గు వేసేవాళ్ళు మధ్యలో ఆగరు, ఆగితే పిండి ఒకేచోట కుప్పపడుతుందని వాళ్ళకు తెలుసు.

అందరికీ వచ్చే తప్పు వెంట్రుకల గీత. అంచును సెంటీమీటరు సెంటీమీటరు చొప్పున ముక్కలుగా గీకుతూ పోవడం వల్ల అది వస్తుంది. ఏ ముక్కా పక్కదానితో సరిగ్గా కలవదు, ముంతకు బొచ్చు మొలిచినట్టుంటుంది. దీనికి మందు ధైర్యమే: తప్పు గీత పడ్డా పూర్తిగా లాగేయండి, పక్కన ఇంకోటి వేయండి, మొదటిది చెరపకండి.

ఇప్పుడు ముంత వైపు తిరగండి. మొదట ఐదు నిమిషాలు కాగితం చూడకుండా, చూపు అంచు వెంట నడిచినకొద్దీ పెన్సిలు నడిపించండి. బొమ్మ వికారంగా వస్తుంది, రావాలి కూడా. ఈ ఐదు నిమిషాలు కన్ను ఊహించుకోవడం మానేసి చూడటం మొదలుపెట్టడానికే. ఆ తర్వాత కాగితం చూస్తూ మామూలుగా గీయండి.

ఇక గీత మందం. ఒకే మందంతో చుట్టూ గీస్తే తీగ వంచి పెట్టినట్టుంటుంది. నీడవైపు అంచు, ముంత బల్లకు ఆనిన చోటు, వంకాయ ముంతకు అడ్డంగా వచ్చే చోటు, ఈ మూడుచోట్ల గీత బరువుగా పడాలి. వెలుగు తగిలే వైపు పలచబడాలి, అక్కడక్కడా తెగిపోయినా పరవాలేదు, చూసేవాడి కన్ను పూరించుకుంటుంది. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఒత్తుకుని ఎక్కడ జారిపోతుందో తెలియాలంటే బాపు (1933–2014) బొమ్మ ఏదైనా తీసుకుని ఒక్క పైటకొంగు మీద వేలు పెట్టి నడిపి చూడండి. శ్రీకాళహస్తి కలంకారీలో పనిముట్టే ఈ పని చేస్తుంది. వెదురు కలం మొనకు కొంచెం పైన చుట్టిన గుడ్డ రంగును పీల్చి పెట్టుకుంటుంది, వేళ్ళతో నొక్కినకొద్దీ దిగుతుంది. నొక్కుడులో తేడా గీతలోకి వచ్చేస్తుంది.

రెండోది: ఆకారం

ఇక్కడ లోపలి వివరం ఏదీ వద్దు. పోస్టుకార్డంత అట్టలో 5 సెంటీమీటర్ల వెడల్పు, 7 సెంటీమీటర్ల ఎత్తు కిటికీ కోయండి. ఎ4 కాగితం నిష్పత్తి కూడా దాదాపు ఇదే కాబట్టి కిటికీలో కనిపించింది కాగితం మీదికి సరిగ్గా దిగుతుంది. ఒక కన్ను మూసి కిటికీ గుండా చూసి, ఎక్కడ ఆపితే మూడు వస్తువులూ బాగా ఇముడుతున్నాయో తేల్చుకోండి.

కొలవడం ఇలా. చెయ్యి పూర్తిగా చాపి, మోచేయి బిగించి, పెన్సిలు నిటారుగా పట్టుకుని ముంత ఎత్తును బొటనవేలితో గుర్తుపెట్టండి. వేలు కదపకుండా పెన్సిలు అడ్డంగా తిప్పి వెడల్పుతో పోల్చండి. ఎత్తు కంటే వెడల్పు ఎంత ఎక్కువో, ఎంత తక్కువో తెలిశాక ఆ నిష్పత్తిలో పెట్టె గీసి దానిలో ముంతను ఇమడ్చండి. కొలిచేటప్పుడు మోచేయి వంగితే కొలత మారిపోతుంది, నిష్పత్తి తప్పడానికి సగం కారణం ఇదే.

తర్వాత పనికిమాలినదిలా కనిపించే పని ఒకటుంది, అది తప్పక చేయండి. ముంతను కాదు, ముంతకీ వంకాయకీ మధ్య ఉన్న సందును గీయండి. వస్తువుల చుట్టూ మిగిలిన ఖాళీని 4బితో నల్లగా నింపండి, వస్తువులు తెల్లగా మిగలాలి. ముంత ఎలా ఉండాలో మన బుర్రకు ముందే ఒక అభిప్రాయం ఉంది, అది కంటిని మోసం చేస్తుంది. సందు ఎలా ఉండాలో ఎవరికీ అభిప్రాయం ఉండదు, అందుకే ఉన్నదున్నట్టు వస్తుంది.

బొమ్మ పూర్తయ్యాక కాగితం తలకిందులు చేసి చూడండి, లేదా ఫోనులో ఫోటో తీసి అద్దంలోలా తిప్పి చూడండి. ఇంతసేపూ కనిపించని వాలు అప్పుడు బయటపడుతుంది.

మూడోది: ఘనం

ఆకారానికి పొడవు, వెడల్పు చాలు. ఘనానికి లోతు కావాలి. ముంతను విడదీసి చూస్తే కాస్త నొక్కిన గోళం, దాని మీద పొట్టి గొట్టం, పైన విచ్చుకున్న అంచు. నిటారుగా ఒక నడిగీత గీసి, దానికి అడ్డంగా మూతి దగ్గర, మెడ దగ్గర, పొట్ట దగ్గర, అడుగున నాలుగు దీర్ఘవృత్తాలు వేయండి. వెనకవైపు కనిపించని సగం కూడా గాజు ముంత అన్నట్టు గీయండి.

రెండు తప్పులు చెప్పకుండానే వస్తాయి. మూతి రెండు కొసలూ చేప తోకలా కోసుగా రావడం ఒకటి. దీర్ఘవృత్తం ఎక్కడా కోసుకాదు, కొసల దగ్గర చిన్న మలుపు ఉంటుంది. రెండోది, మూతిని గుండ్రంగా వేసి, ముంత చదునైన బల్ల మీద ఉంది కదా అని అడుగును స్కేలు పెట్టినట్టు తిన్నగా గీయడం. అసలు సంగతి తిరగేసి ఉంటుంది. మీ కంటి ఎత్తుకు దగ్గరగా ఉన్న వృత్తం సన్నగా కనిపిస్తుంది, కిందికి పోయినకొద్దీ విచ్చుకుంటుంది. కాబట్టి అడుగు వంపు మూతి వంపు కంటే ఎక్కువగా ఉండాలి. నమ్మకం కలగకపోతే గాజుగ్లాసులో సగం నీళ్ళు పోసి, నీటి అంచును కంటి ఎత్తు నుంచి మెల్లగా కిందికి దించుతూ చూడండి.

నాలుగోది: వెలుగునీడ

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. రంగు బాగుండి వెలుగునీడ చెడిన బొమ్మ నిలబడదు. వెలుగునీడ కుదిరితే రంగు ఎలా ఉన్నా బొమ్మ నిలబడుతుంది.

ముందు మెట్ల పట్టీ. రెండు సెంటీమీటర్ల గళ్ళు ఐదు వరసగా గీయండి. ఒకటో గడి తెల్ల కాగితమే. ఐదో గడిని 4బితో ఎంత నల్లగా వస్తే అంత నింపండి. తర్వాత మూడోది, రెండు కొసలకూ సరిగ్గా మధ్యలో. ఆ తర్వాత రెండు, నాలుగు. వరసగా ఒకటి నుంచి ఐదుకు పోతే మూడో గడికే నలుపు అయిపోతుంది, చివరి రెండూ ఒకలాగే మిగులుతాయి. నీడను ఒత్తి వేయకండి. ఒత్తితే కాగితం గాడిపడి లెడ్డు మెరుస్తుంది, మెరిసిన నలుపు వాలుగా చూస్తే తెల్లగా కనిపిస్తుంది. తేలికపాటి పూతలు నాలుగైదు, ప్రతి పూతకూ దిశ మార్చండి. వేలితో పులమడం అసలు వద్దు. చర్మపు జిడ్డు కాగితానికి అంటుకుని మచ్చ కడుతుంది, అది రబ్బరుకు కూడా లొంగదు.

పట్టీ అయ్యాక అమరికను కళ్ళు సగం మూసి చూడండి. వివరాలు కరిగిపోయి పెద్ద పెద్ద మచ్చలు మిగులుతాయి. వాటిని మూడే మెట్లలో, అంటే తెలుపు, మధ్య, నలుపులో అగ్గిపెట్టెంత బొమ్మగా వేయండి. ఈ చిన్న బొమ్మ చెయ్యి చాపినంత దూరం నుంచి చూసినా ముంత ముంతలా తెలియాలి. తెలియకపోతే దీపం జరపండి, పెన్సిలును తప్పుపట్టకండి.

పెద్ద బొమ్మలో ముంత మీద వెలుగు ఎలా తిరుగుతుందో వరసగా చూడండి. దీపానికి ఎదురుగా అన్నిటికంటే తెల్లటి చోటు, దాని చుట్టూ వెలుగు, తర్వాత అటూ ఇటూ కాని మధ్య మెట్టు, తర్వాత నడినీడ. ముంత మీద అన్నిటికంటే ముదురు ఈ నడినీడే, అంచు కాదు. అంచు దగ్గర గుడ్డ మీది వెలుగు ఎగిరిపడి నీడ కాస్త తేలికవుతుంది. ఆ తర్వాత ముంత గుడ్డ మీద పారేసిన నీడ.

కొత్తవాళ్ళు అందరూ ఎగిరిపడిన వెలుగు చూసి ముచ్చటపడి దాన్ని తెల్లగా చేసేస్తారు. వెంటనే ముంత గుండ్రం పోయి డొప్పలా అవుతుంది. నియమం ఒకటే: ఒక వస్తువు నీడ భాగంలో ఉన్న అత్యంత లేత చోటు కూడా అదే వస్తువు వెలుగు భాగంలోని అత్యంత ముదురు చోటు కంటే ముదురుగానే ఉండాలి. అనుమానమొస్తే తెల్లకాగితానికి అర సెంటీమీటరు చిల్లు పెట్టి, ఒక కన్ను మూసి ఆ రెండు చోట్లనూ ఒకదాని తర్వాత ఒకటి చిల్లులోంచి చూడండి. చుట్టుపక్కల ఏమీ కనిపించనప్పుడు కన్ను అబద్ధం చెప్పదు.

ఈ నియమం ఒకే వస్తువుకు అని గమనించండి. నల్ల వంకాయ వెలుగు భాగం, తెల్లగుడ్డ నీడ భాగం కంటే ముదురుగా ఉండొచ్చు, ఉంటుంది కూడా. వంకాయ మీద వెలుగు పడుతోంది కదా అని దాన్ని తెల్లబరిస్తే అది వంకాయలా ఉండదు, సుద్దముద్దలా ఉంటుంది. ప్రతి వస్తువుకూ దాని సొంత మెట్టు ఉంటుంది, వెలుగునీడలు ఆ మెట్టుకు అటూ ఇటూ కదులుతాయి.

పడిన నీడ అంతా ఒకే రకంగా ఉండదు. ముంత అడుగు గుడ్డకు ఆనిన చోట సన్నని గాటులా చాలా నల్లగా, అంచు పదునుగా ఉంటుంది. దూరం పోయినకొద్దీ అంచు చెదిరి, లేతబడుతుంది. ఆ గాటు వేయకపోతే ముంత గాలిలో తేలుతుంది. బొమ్మంతా సరిగ్గా ఉన్నా ఏదో తేడాగా ఉందనిపిస్తే ముందుగా ఆ గాటు కోసం చూడండి.

చివర్లో అమరికకూ బొమ్మకూ విడివిడిగా ఫోనులో నలుపు తెలుపు ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టుకోండి. ఒక హెచ్చరిక: ఫోను తనంతట తాను నీడల్ని తేలికచేస్తుంది. పోలిక పనికి ఫోటో చాలు, ఫోటో చూసి వేయడానికి మాత్రం చాలదు.

ఐదోది: రంగు

పసుపు దీపం కింద కలిపిన రంగు పొద్దున్నే చూస్తే వేరే రంగు. ఈ పని పగలు కిటికీ దగ్గర చేయండి. రాత్రి తప్పదంటే 6500 కెల్విన్ అని రాసి ఉన్న తెల్ల బల్బు వాడండి.

రంగుకు మూడు కొలతలు: ఏ రంగు, ఎంత ముదురు, ఎంత నిండు. ముదురు సంగతి పెన్సిలుతో అయిపోయింది. కలపడం దగ్గర ఇబ్బంది పెట్టేది మిగతా రెండు.

ఎరుపు, నీలం కలిస్తే ఊదా అని బడిలో చెబుతారు. వెర్మిలియన్, అల్ట్రామెరైన్ కలిపి చూడండి, గోధుమరంగు బురద వస్తుంది. వెర్మిలియన్ పసుపు వైపు మొగ్గిన ఎరుపు. అంటే అందులో దాక్కున్న పసుపు కూడా వచ్చి చేరింది, మూడు మూల రంగులూ కలిసి ఒకదాన్నొకటి చంపుకున్నాయి. అదే అల్ట్రామెరైన్‌లో నీలం వైపు మొగ్గిన క్రిమ్సన్ కలిపితే మంచి వంకాయరంగు వస్తుంది. ఆకుపచ్చకూ ఇంతే: లెమన్ యెల్లోతో ప్రష్యన్ బ్లూ కలిస్తే లేత వరినారు పచ్చ, క్రోమ్ యెల్లోతో అల్ట్రామెరైన్ కలిస్తే ముదిరిన ఆకు పచ్చ. రెండూ కావలసినవే, ఏది ఎప్పుడు వస్తుందో తెలియడమే ముఖ్యం. రెండు పసుపులు, రెండు ఎరుపులు, రెండు నీలాలు కొనమన్నది ఇందుకే. ఒక కాగితం మీద ఈ ఆరింటినీ జతలుగా కలిపి, రెండు సెంటీమీటర్ల గళ్ళలో పూసి, కింద పేర్లు రాసి గోడకు అంటించుకోండి.

కలిపే వరస: ఎప్పుడూ లేతరంగులో ముదురురంగు కలపాలి. బఠాణీ గింజంత పసుపు తీసుకుని, కుంచె మొనకు అంటినంత నీలం కలిపి చూసి, చాలకపోతే ఇంకొంచెం. తిరగేసి నీలంలో పసుపు పోస్తూ పోతే సీసా ఖాళీ అవుతుంది గానీ పచ్చ రాదు. ప్రష్యన్ బ్లూ విషయంలో మరీ జాగ్రత్త, చుక్కతో చుట్టూ ఉన్నవాటిని మింగేస్తుంది.

ముంతకు మొదటి ప్రయత్నంగా రెండు పాళ్ళు బర్న్ట్ సియెన్నా, ఒక పాలు క్రోమ్ యెల్లో, అర పాలు తెలుపు, ఇది వెలుగు భాగానికి. నీడ భాగానికి బర్న్ట్ సియెన్నాలో నాలుగో వంతు అల్ట్రామెరైన్. మీ ముంత కాలిన తీరును బట్టి సరిచూసుకోండి. రంగు చిక్కదనం మజ్జిగకు ఎక్కువ, పెరుగుకు తక్కువ ఉండాలి. పలచనైతే చారలు పడతాయి, మరీ చిక్కనైతే ఆరాక బీటలు తీస్తుంది. పోస్టర్ కలర్ ఆరినా నీళ్ళు తగిలితే కరుగుతుంది కాబట్టి రెండో పూత ఒకే ఊపులో వేసి కుంచె ఎత్తేయండి. రుద్దితే కింది పూత పైకి లేచి కలిసిపోతుంది. ఆరినప్పుడు ముదురు రంగులు కాస్త పాలిపోతాయి, లేతవి కాస్త ముదురుతాయి. ప్రతి మిశ్రమాన్నీ వేరే ముక్క మీద పూసి, ఆరనిచ్చి, అప్పుడు బొమ్మ మీద పెట్టండి.

నలుపు సంగతి. నీడ అంటే నలుపు కలపడం అనుకుంటే నీడలన్నీ మసిబారతాయి, పసుపులో నలుపు కలిస్తే ఏకంగా పాచిపచ్చ అవుతుంది. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా సమంగా కలిపితే నల్లటి రంగే వస్తుంది, కానీ ఇందులో నీలం పెంచితే చల్లటి నీడ, సియెన్నా పెంచితే వెచ్చటి నీడ. తెలుపు కలిపితే తుండుగుడ్డ నీడకు పనికొచ్చే బూడిదలు వస్తాయి. నలుపును తప్పు రంగు అనడం లేదు. తెలంగాణలోని చేర్యాల కథల పటాలు వేసే నకాషీ పనిలో, కలంకారీలో నల్లగీతే బొమ్మకు ఎముక. అక్కడ నలుపు గీతగా ఉంది, నీడగా కాదు.

పక్క రంగు ప్రభావం కూడా చూడాలి. ఒకే బూడిదరంగు కాగితంలోంచి రెండు సెంటీమీటర్ల ముక్కలు రెండు కోసి, ఒకటి ఎర్ర చార్టు మీద, ఒకటి ఆకుపచ్చ చార్టు మీద పెట్టండి. ఎరుపు మీదది కాస్త పచ్చగా, పచ్చ మీదది కాస్త ఎర్రగా తోస్తుంది. పారిస్‌లోని గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకాల విభాగం చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ దీన్నే పట్టుకున్నాడు. నల్లదారం నల్లగా లేదని ఫిర్యాదు వస్తే దారం పరీక్షించి, తప్పు అద్దకంలో లేదు, పక్కన నేసిన రంగులో ఉందని తేల్చాడు. ఆ పరిశీలనలు 1839లో పుస్తకంగా వచ్చాయి. చీరకు జాకెట్టుగుడ్డ ఎంచేవాళ్ళు దుకాణంలో ఎప్పుడూ చేసేది ఇదే పరీక్ష. మీ బొమ్మలో ముంత రంగు పాలిపోయినట్టు అనిపిస్తే ముంతను ముట్టుకోకుండా వెనక చార్టు రంగును కొంచెం నీలం వైపు జరపండి.

ఆరోది: గరుకు, నునుపు

ఇది త్వరగా అయ్యే పాఠం. ముంత, వంకాయ, గుడ్డల నుంచి అరచేయంత చోటు మాత్రమే ఎంచుకుని ఒక్కోదాన్నీ 6 సెంటీమీటర్ల గడిలో వేయండి. వంకాయ నునుపు తెలిసేది మెరుపు చుక్క అంచుతో. తెలుపు ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ఆగాలి, పక్కనే ముదురు ఉండాలి. ముంతకు అలాంటి చుక్క ఉండదు. దాని గరుకు కనిపించేది వెలుగూ నీడా కలిసే మధ్య మెట్టులో, అక్కడే నాలుగు గింజలు, ఒక గీటు వేసి వదిలేయండి. ముంత నిండా చుక్కలు పెడితే గరుకు తెలియదు సరికదా, గుండ్రం కూడా చదునైపోతుంది. గుడ్డ నేతంతా గళ్ళు గీయడం కూడా అలాంటి కష్టమే. మడత అంచు దగ్గర కొంచెం నేత చూపిస్తే మిగతా గుడ్డ అంతా నేతగానే కనిపిస్తుంది.

ఏడోది: చోటు

5, 7 సెంటీమీటర్ల గళ్ళు మూడు గీసి, ఒకే అమరికను మూడు రకాలుగా పెట్టి చూడండి: ముంత మధ్యలో, ముంత ఒక పక్కకు, ముంత మూతి కాగితం పైఅంచు దాటిపోయేంత దగ్గరగా. సాధారణంగా మొదటిది చప్పగా ఉంటుంది, అయినా వేసి చూసి తేల్చుకోండి.

లోతు చూపించే ఉపాయాలు ఇవి: ముందుది వెనకదాన్ని కప్పడం, దూరమైనకొద్దీ చిన్నబడటం, కాగితంలో పైకి పోవడం, అంచులు మెత్తబడటం, రంగు పాలిపోవడం, సమాంతర గీతలు దగ్గరవడం. ఒక బల్ల మీది అమరికకు మొదటిదీ నాలుగోదీ చాలు. ముంత వెనకంచును మెత్తగా వదిలి, వంకాయ ముందంచును పదునుగా తీయండి. జాగ్రత్తపడాల్సింది అంచుల తాకిడి దగ్గర: వంకాయ అంచు ముంత అంచును సరిగ్గా ముట్టుకుని ఆగితే రెండూ ఒకే దూరంలో అతుక్కుపోతాయి. అయితే సెంటీమీటరైనా కప్పనివ్వండి, లేకపోతే విడదీయండి. ముంత అడుగును కాగితం కిందంచుకు ఆనించడమూ అదే రకం తప్పు.

వేరేవాళ్ళ బొమ్మ చూసేటప్పుడు

ఈ ఏడు కాగితాలు వేసిన కన్ను గ్యాలరీలో వేరేగా పనిచేస్తుంది. పక్కన పెట్టిన చీటీ చదివే ముందు వరసగా నాలుగు పనులు చేయండి. దూరంగా నిలబడి కళ్ళు సగం మూసి మచ్చలు చూడండి. చూపు మొదట ఎక్కడ ఆగిందో, తర్వాత ఎటు పోయిందో గుర్తుంచుకోండి. దగ్గరికి వెళ్ళి గీతా, అంచూ చూడండి. ఆఖరున ఒక ప్రశ్న వేసుకోండి: ఏ మూలకాన్ని తీసేస్తే ఈ బొమ్మ కూలిపోతుంది?

రవివర్మ (1848–1906) చిత్రంలో వెలుగునీడ తీసేస్తే పట్టుచీర జరీ మెరవదు, నగ బరువు తెలియదు. మెరుపు, స్పర్శ అన్నీ దాని మీదే నిలబడ్డాయి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో నేల మీద పడే నీడ కోసం వెతకకండి. 16వ శతాబ్దపు ఆ పనిలో బొమ్మను నిలబెట్టేది గీత, చదును రంగు. కింద మండపంలో తల పైకెత్తి చూసేవాడికి అంత ఎత్తులో అందేది కూడా అదే. అక్కడ చీర అంచుల డిజైన్లు ఒక్కోటీ వేరు, మెడ నొప్పి పుట్టినా అవి చూసి రావాలి. చేర్యాల పటంలో వెనక నిండా ఎరుపు. కథను వరసలుగా చెప్పే పటం కాబట్టి లోతు అక్కడ అడ్డమే అవుతుంది. అందుకని పర్‌స్పెక్టివ్ (దూరమైనకొద్దీ చిన్నగా చూపించి లోతు తెచ్చే పద్ధతి) లేదని వాటికి మార్కులు తగ్గించడం చూసేవాడి తప్పే. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం బొమ్మల్లో పని ఆకారానిది, నిండు రంగుది: నిండైన శరీరం, పెద్ద బొట్టు, నుదుటి కుంకుమ ఎరుపుకు జోడుగా చీర. ఒక బొమ్మను ఫోటో తీసి నలుపు తెలుపు చేయండి. బొమ్మ చెక్కుచెదరకపోతే అది వెలుగునీడ మీద కట్టినది. ఆకారాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతే ఇంతసేపూ రంగే విడదీసి చూపిస్తోందన్నమాట. రాజమహేంద్రవరంలో చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) పేరిట ఉన్న చిత్రశాలకు వెళ్ళగలిగితే ఈ పరీక్ష అసలు చిత్రాల ముందే, ఫోను లేకుండా కళ్ళు సగం మూసి చేయొచ్చు.

ఏడు కాగితాలూ గోడకు వరసగా అంటించి, అన్నిటిలోకీ చెడ్డది ఏదో చూసుకోండి. ఆ ఒక్క మూలకాన్నే కొత్త వస్తువుతో ఇంకో మూడుసార్లు వేయండి. గీత చెడితే కరివేపాకు రెమ్మ, ఆకారం చెడితే కత్తెర, ఘనం చెడితే పడుకోబెట్టిన రోకలిబండ, వెలుగునీడ చెడితే కోడిగుడ్డు తెల్లగుడ్డ మీద, రంగు చెడితే సగం పండిన మామిడికాయ. స్టీలు గ్లాసు ముట్టుకోవాల్సింది ఆ తర్వాతే. దాని ముందు కూర్చున్నప్పుడు అది స్టీలని మరిచిపోండి, దానిలో కనిపించే మచ్చల్ని మచ్చలుగానే, ఒక్కోదాని ఆకారం, మెట్టు చూసుకుని వేయండి.